కేవ్ డైవింగ్ నేర్చుకోవడానికి టులుమ్, ఉత్తర ఫ్లోరిడా వెళ్ళొచ్చాను

కేవ్ డైవింగ్, అంటే నీళ్ళతో నిండిన గుహల్లో డైవ్ చేయడం, నేర్చుకోవాలంటే మెక్సికో వెళ్ళాలా, ఫ్లోరిడా వెళ్ళాలా? బయల్దేరే ముందు నన్ను తినేసిన ప్రశ్న ఇదే. మూడు వారాల్లో రెండు చోట్లా దిగి వచ్చాను. ఇప్పుడు నన్నెవరైనా అడిగితే ఊరి సంగతి తర్వాత చెబుతాను, ముందు ఇన్‌స్ట్రక్టర్ గురించి చెబుతాను.

మెక్సికోలోని టులుమ్‌లో మొదటి రోజు డోస్ ఓహోస్ అనే సెనోటేలో (సున్నపురాయి కుంగి ఏర్పడిన నీటి గుంట) గైడ్‌తో కేవర్న్ డైవ్ చేశాను. కేవర్న్ అంటే గుహ ముఖద్వారం దగ్గరి భాగం, పగటి వెలుతురు కంటికి కనిపిస్తూ ఉండే మేర. దీనికి మామూలు ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ చాలు. నీళ్ళు 25 డిగ్రీలు, గాజులా తేటగా ఉన్నాయి. పైనుంచి సున్నపురాతి ఊడలు వేలాడుతుంటాయి. అవి నీళ్ళలో పుట్టినవి కావు. మంచు యుగంలో సముద్రమట్టం బాగా కిందికి దిగినప్పుడు ఈ గుహలు పొడిగా ఉండేవి, అప్పుడు చుక్క చుక్కగా పేరుకున్నవి. ఒకచోట లైన్ (దారి తప్పకుండా గుహలో కట్టే తాడు) పక్కన మృత్యువు బొమ్మతో బోర్డు ఉంది: ఇక్కడితో ఆగండి, ముందుకు వెళ్ళి చనిపోకండి అని. బోర్డు అవతల లైన్ చీకట్లోకి సాగిపోతోంది. నాకు అటు వెళ్ళాలనిపించింది. ఆ కోరికే ప్రమాదమని తర్వాత అర్థమైంది, ఎందుకంటే ఆ నీళ్ళలో భయం వేసేది ఏదీ కనిపించదు.

ముందుగా డబ్బు కట్టి పెట్టుకున్న స్కూల్‌లో ఒక్క రోజే ఉన్నాను. పేరు చెప్పను. నా లాగ్‌బుక్, అంటే చేసిన డైవ్‌లు రాసుకునే పుస్తకం, తెరిచి చూడలేదు. నాలుగు రోజుల్లో ఫుల్ కేవ్ కార్డు, అంటే ఈ శిక్షణలో చివరి మెట్టు సర్టిఫికెట్, చేతికొస్తుందన్నారు. కేవర్న్, ఇంట్రో, ఫుల్ కేవ్ మూడు మెట్లూ ఎక్కడానికి ఎనిమిది రోజులైనా పడుతుందని అప్పటికే చదివి ఉన్నాను. అద్దెకిచ్చిన రెగ్యులేటర్ (ట్యాంకు గాలిని నోటికి అందించే పరికరం) నుంచి సన్నగా గాలి లీకవుతోందంటే, పర్లేదు దిగండి అన్నారు. నేను దిగలేదు. కట్టిన డబ్బు తిరిగి రాలేదు, అయినా ఆ నిర్ణయానికి ఇప్పటికీ సంతోషంగానే ఉంది.

రెండో ఇన్‌స్ట్రక్టర్‌ని వెతకడానికి రెండు రోజులు పట్టింది. కలవగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఈ మధ్య ఏదైనా డైవ్‌ని మధ్యలో ఆపేసి పైకి వచ్చారా? ఎందుకు?" అరగంట నా జవాబులే విన్నాడు. నేనూ అడిగాను: విద్యార్థులు లేకుండా మీరు గుహలోకి చివరిసారి ఎప్పుడు వెళ్ళారు, ఒకేసారి ఎంతమందికి నేర్పుతారు, ఎవరినైనా ఫెయిల్ చేశారా అని. అన్నిటికీ తడుముకోకుండా చెప్పాడు. మేం ఇద్దరమే విద్యార్థులం. టీడీఐ, ఐఏఎన్‌టీడీ, జీయూఈ, ఎన్‌ఎస్‌ఎస్-సీడీఎస్ లాంటి శిక్షణ సంస్థల మధ్య పద్ధతుల్లో తేడాలున్నాయి. కానీ కార్డు మీద ఏ పేరుందన్న దానికంటే ఈ అరగంట మాటలే నాకు ఎక్కువ చెప్పాయి.

మర్నాడు పొద్దున అసలు నీళ్ళలోకే దిగలేదు. చెట్ల మధ్య లైన్ కట్టించి, కళ్ళకు గంతలు కట్టి, బొటనవేలూ చూపుడువేలూ గుండ్రంగా చుట్టి లైన్ వదలకుండా నడిపించాడు. ముందున్నవాడి చేయి పట్టుకోవాలి. ముందుకు నెడితే కదలమని, గట్టిగా నొక్కితే ఆగమని. ఇంత చిన్న విషయానికి ఒక పూటంతా ఎందుకా అనుకున్నాను. కోర్సు మూడో రోజు పాండెరోసా అనే సెనోటేలో టార్చీలన్నీ ఆర్పేసి, అదే పని నీళ్ళలో చేయించినప్పుడు గుండె చప్పుడు చెవుల్లో వినిపించింది. అప్పుడు నా వేళ్ళకు మాత్రం టెన్షన్ లేదు.

ఎక్కువ కష్టపడింది కాళ్ళతో. సముద్రంలో అలవాటైన పైకీ కిందికీ కొట్టే ఈత గుహలో పనికిరాదు, అడుగునున్న బురద లేచి క్షణాల్లో ఏమీ కనిపించకుండా పోతుంది. కప్పలా మోకాళ్ళు మడిచి వెనక్కి తన్నాలి, శరీరం నేలకు సమాంతరంగా ఉండాలి. నేను బాగానే చేస్తున్నానని నమ్మకంగా ఉన్నాను. సాయంత్రం వీడియో వేసి చూపించాడు. నా వెనక పొగలా బురద. ఈ ఈత, ఈ నిలకడ ఇంటి దగ్గర కొలనులోనే సాధించుకుని వస్తే కోర్సులో రెండు రోజులు కలిసొస్తాయి.

రెండో మెట్టయిన ఇంట్రో కోసం ఉత్తర ఫ్లోరిడా వెళ్ళాం. హై స్ప్రింగ్స్ దగ్గర శాంటా ఫే నది ఒడ్డున జిన్నీ స్ప్రింగ్స్ ఉంది. అక్కడ శిక్షణ లేనివాళ్ళకి బాల్‌రూమ్ అనే కేవర్న్ ఉంది. లోపలి గుహకు ఇనుప కమ్మీలు బిగించేశారు కాబట్టి టార్చ్ తీసుకుని దిగొచ్చు. పక్కనే ఉన్న డెవిల్స్ ఊటల దగ్గర మాత్రం కేవర్న్, కేవ్ శిక్షణ లేనివాళ్ళు టార్చ్ పట్టుకెళ్ళకూడదు. వెలుగు లేకపోతే చీకట్లోకి ఎవరూ పోరు కదా. ఇంత తేలికైన నిబంధన ఎన్ని ప్రాణాలు కాపాడిందో అనిపించింది.

ఆ ఊటల్లో ఒకటైన డెవిల్స్ ఇయర్‌లోకి దిగడమంటే ఎదురుగాలిలో నడిచినట్టే. ఊట తోసేస్తుంటే రాళ్ళు పట్టుకుని ఒక్కో గుంజుకు కొంత ముందుకు జారాలి. తన్నుకుంటూ పోతే గ్యాస్, అంటే ట్యాంకులో పీల్చే గాలి, ఆవిరైపోతుంది. గ్యాస్ లెక్క నిజంగా అర్థమైంది ఇక్కడే. ఫుల్ కేవ్‌లో మూడో వంతు లోపలికి, మూడో వంతు బయటికి, మిగతాది ఆపదకు. ఇంట్రో స్థాయిలో జంట ట్యాంకులున్నా లోపలికి వెళ్ళడానికి ఆరో వంతే వాడాలి. ట్యాంకులో 200 బార్ ఒత్తిడితో మొదలుపెడితే 170 దగ్గరే వెనక్కి తిరగాలన్నమాట. షెక్ ఎక్స్‌లీ అనే డైవర్ గుహల్లో జరిగిన మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి 1979లో రాసిన చిన్న పుస్తకం నుంచే ఈ రంగానికి పునాది నియమాలు వచ్చాయి. బయటిదాకా తెగని లైన్, మిగుల్చుకున్న గ్యాస్, మితిమీరని లోతు. శిక్షణ, మనిషికి మూడు లైట్లు అన్నవి కూడా ఇప్పుడు వాటితోపాటే చెబుతారు.

నీళ్ళు అక్కడ 22 డిగ్రీలే. గంట దాటితే సన్నని వెట్‌సూట్‌లో వణుకు పుడుతుంది, వీలైతే లోపలికి నీళ్ళు రానివ్వని డ్రైసూట్ వాడండి. మెక్సికోలో అల్యూమినియం ట్యాంకులు, ఇక్కడ బరువైన స్టీల్ ట్యాంకులు, కాబట్టి మునగడానికి కట్టుకునే బరువుల లెక్క మళ్ళీ మొదటి నుంచి చేసుకోవాలి.

బస విషయంలో రెండే చూసుకున్నాను: తడి సామాను ఆరేసుకునే చోటు, లైట్ల బ్యాటరీలకు సరిపడా ప్లగ్గులు. టులుమ్‌లో సముద్రం పక్కన గది తీసుకోవడం తప్పయింది. సెనోటేలు లోపలి వైపు ఉంటాయి, ట్యాంకులు నింపించుకోవడానికి ఊళ్ళోకి రావాలి, సాయంత్రం అలిసిపోయాక సముద్రం వంక చూసే ఓపిక ఉండదు. మూడో రోజే ఊళ్ళోకి మారాం. ఫ్లోరిడాలో ఊట పక్కనే క్యాంపింగ్ ఉంది, ట్యాంకులు కూడా అక్కడే నింపుతారు, నీళ్ళకు నడిచి వెళ్ళొచ్చు. వేసవి శనివారాల్లో మాత్రం ట్యూబుల మీద తేలేవాళ్ళతో నది కిక్కిరిసి ఉంటుంది. మేం హై స్ప్రింగ్స్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని, శని ఆదివారాలు పీకాక్ స్ప్రింగ్స్ అనే మరో ఊట గుహలో డైవ్ చేశాం. అక్కడ ప్రవాహం తక్కువ, కానీ బురద మరీ మెత్తన. మెక్సికోలో నేర్చుకున్న ఈతకు అసలు పరీక్ష అక్కడే జరిగింది.

రెండిట్లో ఒక్కచోటికే వెళ్ళగలిగేవాళ్ళకు నా సలహా: చలి పడనివాళ్ళు, బరువులు మోయలేనివాళ్ళు మెక్సికోలో మొదలుపెట్టండి. ప్రవాహంతో తలపడటం, గ్యాస్ పొదుపు వంటపట్టాలంటే ఫ్లోరిడా. రెండు చోట్లా మంచి గురువులున్నారు.

చివరి రోజు ఫుల్ కేవ్ కూడా పూర్తి చేద్దామా అని అడిగాను. ఇన్‌స్ట్రక్టర్ ఒప్పుకోలేదు. ఇంట్రో పరిమితుల్లోనే ఇంకో ఇరవై డైవ్‌లు చేసి రమ్మన్నాడు. ఇప్పటికి ఆరు అయ్యాయి. ఆరోదానిలో నాతో జంటగా దిగిన బడ్డీ లైట్ మినుకుమినుకుమంది, గ్యాస్ ఇంకా చాలా ఉన్నా బొటనవేలు పైకి చూపించాను, డైవ్ ఇక్కడితో ఆపేద్దామని. ఇద్దరం మాట్లాడకుండా వెనక్కి తిరిగాం.