తీరం ఊళ్లకు కాలేజీ సాయం: ఏడు రోజుల క్యాంపా, దత్తత గ్రామమా, ఊరి బడా?

తుఫాను జాగ్రత్తల మీద ఒక ఊరితో కలిసి పనిచేయాలంటే ఏ దారి మేలని, ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) చూసుకునే కాలేజీ లెక్చరర్లు తరచూ అడుగుతుంటారు.

ఏడు రోజుల స్పెషల్ క్యాంపు అయితే టెన్షన్ తక్కువ. అనుమతులు, ఖర్చు, హాజరు అన్నిటికీ ఒక పద్ధతి ఉంది. వచ్చిన చిక్కల్లా తేదీలతోనే. మనకు తుఫాన్లు ఎక్కువగా మే నెలలో, ఆ తర్వాత అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. క్యాంపులేమో చాలాచోట్ల సంక్రాంతి దాటాకే పెడతారు. అప్పుడు నేర్పింది అక్టోబరు దాకా ఎవరికి గుర్తుంటుంది?

ఇక దత్తత గ్రామం సంగతి. కాలేజీలను ఊళ్లతో కలిపే కేంద్ర పథకం ఉన్నత్ భారత్ అభియాన్ కింద కాలేజీ కనీసం ఐదు ఊళ్లను దత్తత తీసుకుని ఇంటింటి సర్వే చేయాలి. ఆ సర్వే నిజంగా పనికొచ్చేదే. కానీ దాని కాపీ ఒకటి పంచాయతీలో ఉండాలి. కాలేజీ బీరువాలో ఉంటే ఊరికి ఒరిగేదేం లేదు.

నా దృష్టిలో అసలు చూడాల్సింది ఒకటే: తుఫాను రోజు ఊళ్లో ఎవరుంటారు? హెచ్చరిక రాగానే కాలేజీలకు సెలవిస్తారు, పిల్లలు ఇళ్లకు వెళ్లిపోతారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు ఆంధ్రా విశ్వవిద్యాలయం ప్రాంగణమే చెట్లు కూలి అస్తవ్యస్తమైంది. అలాంటప్పుడు కాలేజీ వాళ్లొచ్చి ఊరిని ఏం ఆదుకుంటారు?

అందుకే నా మొగ్గు ఊరి బడి వైపు. జపాన్‌లో సముద్రం ఒడ్డున ఉన్న కమాయిషిలో గున్మా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ తొషితకా కతదా సునామీ జాగ్రత్తల మీద ఏళ్ల తరబడి బడి టీచర్లతో కలిసి పనిచేశారు. 2011 మార్చి 11 సునామీలో ఆ ఊళ్లో వెయ్యి మందికి పైగా పోయారు. బడిలో ఉన్న పిల్లలు మాత్రం బతికి బయటపడ్డారు. ఒకచోట హైస్కూలు పిల్లలు చిన్న బడి పిల్లల చేతులు పట్టుకుని, ముందు అనుకున్న చోటు చాలదని ఇంకా ఎత్తుకు పరిగెత్తారు.

మన దగ్గర ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో వీధి మ్యాపు గీయించండి. మంచం పట్టిన తాత ఏ ఇంట్లో ఉన్నాడు, నెలలు నిండిన ఆవిడ ఎవరు, షెల్టర్ తాళం ఎవరి దగ్గరుంది, ఆయన ఊళ్లో లేకపోతే రెండో తాళం ఎవరిది, అన్నీ అందులో ఉండాలి. దివిసీమ ఊరైతే 1977 ఉప్పెన నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో అమ్మమ్మలను అడిగి గీత గీయించండి. టీచర్లకు బదిలీలుంటాయి, నిజమే. మే నెలలో బడి మూసే ఉంటుంది. అయినా పిల్లలు ఊళ్లోనే ఉంటారు కదా.

ఆపదల్లో సాయపడేలా వాలంటీర్లను తయారుచేసే ఆపద మిత్ర శిక్షణ కూడా మంచిదే. కాకపోతే అది ప్రభుత్వం నడిపే పథకం, కాలేజీ చేతిలో ఉండేది తక్కువ.

క్యాంపు తప్పదంటే సెప్టెంబరులో పెట్టించమని ప్రిన్సిపాల్‌ను అడగండి. కుదరకపోతే ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీరు ఏడాదికి చేయాల్సిన 120 గంటల్లో కొన్నిటిని ఆ బడికే రాయించండి.