షూలెస్ జో జాక్సన్ కెరీర్ చదవడానికి బేస్‌బాల్ రిఫరెన్స్ సైట్ ఎలా ఉంది?

షూలెస్ జో జాక్సన్ వందేళ్ల కిందటి అమెరికన్ బేస్‌బాల్ ఆటగాడు, అతని గురించి కథలు బోలెడు. అంకెలు కావాలంటే మాత్రం బేస్‌బాల్ రిఫరెన్స్ సైటే దిక్కు. పైసా కట్టక్కర్లేదు, ప్రకటనలు భరిస్తే చాలు. సెర్చ్‌లో ఉత్త ‘జో జాక్సన్’ అని కొట్టకుండా ముందు ‘షూలెస్’ చేర్చండి.

క్రికెట్ అలవాటున్నవాళ్లు తడబడేది సగటు దగ్గర. ఇక్కడ పరుగులతో పని లేదు, హిట్లను (బంతిని కొట్టి బేస్ చేరినవి) ఎట్-బ్యాట్లతో (లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశాలు) భాగిస్తారు. జాక్సన్‌వి 4,981 ఎట్-బ్యాట్లలో 1,772 హిట్లు, అంటే .356. అంకె బోల్డ్‌లో ఉంటే ఆ ఏడాది లీగ్‌లో అతనే మొదటివాడు. 1911 వరస చూడండి: క్లీవ్‌లాండ్ తరఫున 233 హిట్లు, సగటు .408. అయినా అది బోల్డ్‌లో లేదు! ఆ ఏడే డెట్రాయిట్ ఆటగాడు టై కాబ్ .420 కొట్టాడు మరి.

లోటు ఎక్కడంటే, పట్టిక కారణాలు చెప్పదు. 1918లో 17 మ్యాచ్‌లే కనిపిస్తే గాయమనుకుంటాం. నిజానికి యుద్ధకాలంలో షిప్‌యార్డ్ పనికి వెళ్లాడు. ఆర్‌బీఐ (అతని బ్యాటింగ్ వల్ల జట్టుకు వచ్చిన పరుగులు) కూడా 1920 నుంచే అధికారిక లెక్క. అంతకు ముందువి పాత స్కోర్లు తవ్వి తర్వాత కట్టినవి, కాబట్టి ఒకటి రెండు అంకెల తేడా మీద వాదన పెట్టుకోవద్దు.

ఈ సైట్ విలువ తెలిసేది 1919 వరల్డ్ సిరీస్ (ఛాంపియన్‌షిప్ పోరు) పేజీలో. అప్పటికి జాక్సన్ ఆడుతున్న వైట్ సాక్స్ ఆటగాళ్లు కొందరు, అతనితో సహా, డబ్బు తీసుకుని కావాలని ఓడారన్న ఆరోపణ దాని మీదే. మొత్తం వరస చూస్తే 32కి 12 హిట్లు, .375, ఆర్‌బీఐలు 6. ఇలా ఆడినవాడు ఓడిపోవడానికి డబ్బు తీసుకున్నాడా అనిపిస్తుంది. అక్కడితో ఆగకండి, ఒక్కో మ్యాచ్ బాక్స్ స్కోరు (ఆ మ్యాచ్ లెక్కల పట్టిక) తెరవండి. మొదటి ఐదు మ్యాచ్‌లలో 19కి 6 హిట్లు, ఆర్‌బీఐ సున్నా. చివరి మూడింట్లో 13కి 6 హిట్లు, ఆరు ఆర్‌బీఐలూ అక్కడివే. అలాగని తొందరపడి తీర్పూ ఇవ్వకూడదు. ఆ ఐదు మ్యాచ్‌లలో వైట్ సాక్స్ జట్టంతా కలిసి చేసింది 6 పరుగులే, అతని ముందు బేసుల మీద మనుషులుంటేగా! మొత్తం వరస ఒక్కటే చూపించి వాదించేవాళ్లు, ఎటువైపువాళ్లైనా, సగమే చూపిస్తున్నట్టు.

1920లో .382, 218 హిట్లు. దాని కింద ఇంకో వరస లేదు. 1921లో ఆ ఆరోపణల కేసులో కోర్టు నిర్దోషి అన్నా, బేస్‌బాల్ కమిషనర్ లాండిస్ జీవితకాల నిషేధం వేశాడు.

ఫోన్‌లో పట్టికలు పక్కకు జరుపుతూ చదవాలి, విసుగు. కంప్యూటర్‌లో చూడటమే మేలు. ఒక్క ఆటగాడి కోసం స్టాట్‌హెడ్ (ఈ సైట్ వాళ్లదే, డబ్బు కట్టి వాడే సెర్చ్ సేవ) చందా కట్టొద్దు. వందల మందిని జల్లెడ పట్టాలంటేనే దానితో పని.