తుప్పులోంచి లేచిన ఫియట్: ఏళ్ల తరబడి నడిపాక నా అభిప్రాయం

నెల్లూరు ఎండలో, మన సముద్రపు గాలిలో పాత ఫియట్ కారు నడపడం కుదిరే పనేనా అని చాలామంది అడుగుతుంటారు. కుదురుతుంది. మాది 1980ల నాటి ప్రీమియర్ పద్మిని. 2016లో కావలి అవతల ఒక రొయ్యల రైతు ఇంటి దొడ్డిలోంచి లారీ మీద ఎక్కించి తెచ్చుకున్నాను. బాగుచేయించిన దగ్గర్నుంచి ఆఫీసుకీ, పెళ్లిళ్లకీ, ఒంగోలులో ఉన్న అక్కావాళ్లింటికీ అదే బండి. ఇన్నేళ్ల వాడకంలో నాకు తేలింది ఒకటే. ఈ కారును ఇంజను చంపదు, తుప్పు చంపుతుంది. డబ్బు పెట్టాల్సింది కంటికి కనపడే పెయింటు మీద కాదు, ఎవరూ వంగి చూడని కింది రేకు మీద.

కారు గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇటలీ ఫియట్ కంపెనీ 1100 మోడల్‌ను బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు తయారుచేసేవారు. 1964లో 1100 డిలైట్‌గా వచ్చిన బండే డెబ్బైల్లో ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, ఆ తర్వాత పద్మిని అయింది. 2000 ప్రాంతం దాకా తయారైంది. 1089 సీసీ నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, స్టీరింగ్ పక్కన హ్యాండ్ గేరు, వెనక చక్రాలకు డ్రైవ్, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. పేరు ఎన్నిసార్లు మారినా మన దగ్గర దాన్ని ఫియట్ అనే అన్నారు. ఒకప్పుడు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తే గానీ దొరకని కారు అది. 1983 చివర్లో మారుతి వచ్చాక ఒక్కొక్కటే షెడ్డులోకి, దొడ్లోకి, చివరికి వేపచెట్టు కిందికి చేరాయి.

ఇవి పాడవడానికి యజమానుల నిర్లక్ష్యమే కారణమని అందరూ అంటారు. నేను చూసినంతలో అది సగం నిజమే. చాలాచోట్ల బండిని ప్రేమించే వదిలేశారు. అమ్మరు, బాగుచేయించరు. 'మా నాయన కొన్న బండి అబ్బయ్యా, అమ్మితే ఊళ్లో మాటొస్తది' అన్నాడు మా బండి పాత ఓనరు, ఆ రొయ్యల రైతు. 'నడిపేవాడికిస్తే మాటెందుకొస్తది పెదనాయనా' అని చాలాసార్లు తిరిగాక ఒప్పుకున్నాడు. అప్పటికే 2015 నవంబరు వానలకు దొడ్లో నీళ్లు నిలిచి, బండి తలుపుల అంచు దాకా మునిగి తేలింది. మునిగిన బండిని తుడిచి మళ్లీ ప్లాస్టిక్ పట్టా కప్పారు. పైన దుమ్ము పడకుండా కప్పిన ఆ పట్టాయే లోపలి తడిని బయటికి పోనివ్వలేదు.

ఇక అసలు సంగతి. ఇనుముకు గాలీ తడీ కలిసి తగిలితే తుప్పు పడుతుంది, ఉప్పు తోడైతే ఇంకా తొందరగా పడుతుంది. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది కాబట్టి వాన లేని రోజున కూడా రేకు మీద సన్నటి తడి ఉంటూనే ఉంటుంది. పైగా తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. పెయింటు కింద బుడిపెలు లేచేది అందుకే. బుడిపె పైకి కనపడిందంటే లోపల రేకు ఎప్పుడో తినేసిందనే లెక్క.

మా బండిలో డ్రైవర్ సీటు ముందున్న రబ్బరు మ్యాటు లేపితే దాని కిందున్న జనపనార పట్టీ ఇంకా తడిగానే ఉంది. దాన్ని తీసి, టింకరింగ్ మేస్త్రి స్క్రూడ్రైవరుతో రేకు మీద మెల్లగా నొక్కాడు. పొరలు పొరలుగా, ఎర్రగా ఊడి వచ్చింది. మరి కాస్త నొక్కేసరికి స్క్రూడ్రైవరు కిందికి దిగిపోయి నేల తగిలింది. 'బండి పైన చూడమాక, కింద చూడు' అన్నాడు. ఆయన చెప్పిన ఆ మాటే తర్వాత నేను ఎవరికైనా చెబుతూ వచ్చాను.

ఎందుకంత ముఖ్యమంటే, ఫియట్‌కు జీపుకున్నట్టు విడిగా చాసిస్, అంటే బండిని మోసే ఇనుప చట్రం ఉండదు. బాడీయే చాసిస్. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పెట్టెలా మడిచిన రేకు ఉంటుంది చూడండి, బండి బలమంతా దాంట్లోనే ఉంది. దాని లోపల నీళ్లు నిలిస్తే బయటికి ఏమీ తెలియదు. ఒక రోజు జాకీ పెట్టి లేపితే బండి లేవదు, జాకీయే రేకులోకి దిగిపోతుంది. అలాంటి బండికి పైన ఎంత మెరిసే రంగు కొట్టినా నడపడం ప్రమాదం.

మా మేస్త్రి పని చేసిన తీరు చెప్పాలి, ఎందుకంటే అందరూ ఇలా చేయరు. ఆ పెట్టె రేకును కోసే ముందు రెండు వైపులా తలుపు సందుల్లో అడ్డంగా ఇనుప పైపులు వెల్డింగ్ పెట్టాడు. లేకపోతే కోయగానే బాడీ మధ్యలో కుంగి, తర్వాత తలుపులు పట్టవు. ఒక వైపు పూర్తిగా అయ్యాకే రెండో వైపు ముట్టుకున్నాడు. తుప్పున్నంత మేర కాకుండా గట్టి ఇనుము తగిలేదాకా కోసి, 20 గేజ్ రేకును చేత్తో మడిచి అతికించాడు. అతుకుల మీద ప్రైమర్, దాని మీద అండర్ కోటింగ్, పెట్టె లోపలికి మైనం స్ప్రే. పని జరిగినన్నాళ్లూ రోజూ ఒక తలుపు వేసి తీసి, సందు సమంగా ఉందా అని వేలితో తడిమి చూసేవాడు. ఆ మనిషి ఏ డిప్లొమా చదివినవాడూ కాదు, ఏ మాన్యువలూ చూడలేదు. మన జిల్లాలో ఇలాంటివాళ్లు తగ్గిపోతున్నారనే నా బాధ. వాళ్ల దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లు దాదాపు లేరు.

అంతకు ముందు ఇంకో షాపులో అడిగితే, తుప్పు గీకి పుట్టీ పెట్టి రంగు కొడతామన్నారు. సగం ఖర్చులో అయిపోతుంది, ఒక వానాకాలం దాటదు. పాత కారు కొనేవాళ్లు జేబులో చిన్న అయస్కాంతం వేసుకెళ్లండి, మీద పలచటి గుడ్డ చుట్టి. పుట్టీ దట్టంగా ఉన్నచోట అది అతుక్కోదు. చక్రాల పైన వంపు, తలుపుల అడుగు, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట, బ్యాటరీ కింద రేకు, ఇవి తప్పకుండా చూడాలి.

ఖర్చు విషయానికొస్తే బండికి 35,000 ఇచ్చాను. టింకరింగ్, పెయింటింగ్ కలిపి దానికి నాలుగింతలు దాటింది. ఇంజనుకు మాత్రం ఆశ్చర్యంగా తక్కువే అయింది. రింగులు, హెడ్ గాస్కెట్, వాల్వ్ గ్రైండింగ్, కార్బొరేటర్ సర్వీసు, అంతే. బ్రేకు సిలిండర్ రబ్బర్లు, క్లచ్ ప్లేటు, ఇంజనులో స్పార్కు పుట్టించే సీబీ పాయింట్ల లాంటివి చెన్నై పుదుపేటలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో వెతికితే ఇప్పటికీ దొరుకుతున్నాయి. దొరకనివల్లా అద్దాలు, అద్దాల చుట్టూ రబ్బరు బీడింగ్, స్టీలు పట్టీలు. అందుకే కొనేటప్పుడు ఇంజను తిరగకపోయినా పరవాలేదు గానీ అద్దాలన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి.

నడపడానికి ఎలా ఉంటుంది? నాకు చాలా ఇష్టం. హ్యాండ్ గేరు చేతికి అలవాటైతే ట్రంక్ రోడ్డు రద్దీలో కూడా ఇబ్బంది ఉండదు. స్టీరింగ్ ఆగి ఉన్నప్పుడు బరువు, కదిలితే తేలిక. ఏసీ లేదు. ముందు తలుపులకున్న మూడుమూలల చిన్న అద్దం లోపలికి తిప్పితే గాలి నేరుగా మొహానికి తగులుతుంది. సాయంత్రం పూట మైపాడు రోడ్డులో ఆ గాలి ముందు ఏసీ అక్కర్లేదు, మే నెల మధ్యాహ్నం మాత్రం ఆ అద్దమూ ఏమీ చేయలేదు. హైవే మీద నేను 70 దాటను. బ్రేకులు ఇప్పటి కార్లలా పట్టవు, లారీ వెనక బాగా ఎడం ఉంచాలి. మైలేజీ ఊళ్లో లీటరుకు 10 కిలోమీటర్లు, బయట 13 దాకా.

రోహిణి కార్తెలో ఒక బెడద ఉండేది. ఇంజను వేడికి పంపులోనే పెట్రోలు ఆవిరైపోయి బండి ఆగిపోయేది. వెనకటి డ్రైవర్లు పంపుకు తడిగుడ్డ చుట్టేవాళ్లు, సింగరాయకొండ దగ్గర నేనూ చుట్టాను. తర్వాత ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెట్టించాను, అప్పట్నుంచి ఆ టెన్షన్ లేదు. కంపెనీ వస్తువు మార్చకూడదనే మిత్రులున్నారు. వాళ్ల పట్టుదల మీద నాకు గౌరవముంది, కానీ నడిచే బండి నడవాలి.

పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి పెరిగాక ఇంకో జాగ్రత్త అవసరమైంది. ఇథనాల్ నీటిని పట్టుకుంటుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. గొట్టాలన్నీ మార్పించాను. నెలల తరబడి తీయకుండా ఉంచాల్సి వస్తే ట్యాంకులో పాత పెట్రోలు ఉంచను.

కడిగే నీళ్ల గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. సముద్రం దాకా వెళ్లొస్తే కింద నీళ్లు కొట్టించాలన్నది అందరికీ తెలుసు. కానీ తీరం మండలాల్లో చాలా సర్వీసింగ్ షెడ్లలో వాడేది బోరు నీళ్లు, అవి ఉప్పగా ఉంటాయి. వాటితో కడిగితే ఉప్పు పోదు, కొత్తగా చేరుతుంది. నేను ఇంట్లో మున్సిపాలిటీ నీళ్లతోనే కడుగుతాను.

కాగితాల సంగతి. 15 ఏళ్లు దాటితే బండి తుక్కుకే అనే భయంతో మన వైపు ఎన్నో కార్లు కాటాకు పోయాయి. ఆ గడువులు ఢిల్లీ ప్రాంతానివి. ఇక్కడ సొంత కారుకు ఫిట్‌నెస్ ఉంటే ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ చేసుకోవచ్చు. ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 కాస్తా 5,000 అయింది, 20 ఏళ్లు దాటిన కార్లకు 2025లో ఇంకా పెంచారు. ఇది నిలబెట్టుకునేవాళ్ల మీద భారమే. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, నంబరులో వీఏ అని వస్తుంది, పదేళ్లు చెల్లుతుంది. అయితే దాన్ని రోజువారీ వాడకానికి తీయకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ మాత్రమే. రోజూ నడపాలనుకునేవాళ్లు మామూలు ఆర్సీనే కాపాడుకోవాలి. ఆర్సీ పోయిన బండి జోలికి మాత్రం వెళ్లకండి, ఎంత తక్కువకిచ్చినా సరే.

ఈ పిచ్చి నా ఒక్కడిదే కాదు. ఒంగోలులో రిటైరైన ఒక బ్యాంకు ఉద్యోగి అంబాసిడర్‌ను, కందుకూరులో ఒక మెకానిక్ మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌ను నిలబెట్టారు. ఒకరికి దొరికిన పార్టు ఇంకొకరికి ఫోన్ చేసి చెబుతాం. పోటీ లేదు, ఎందుకంటే ఒక బండి బతికితే ఇంకో బండికి మేస్త్రి బతుకుతాడు.

కొనమంటారా అంటే, ఇంట్లో ఇంకో కారో స్కూటరో ఉండి, కప్పు కింద నిలిపే చోటుండి, ఆదివారం చేతులకు గ్రీజు అయినా సరే అనుకునేవాళ్లు తప్పకుండా కొనండి. ఒకే కారుతో ఆసుపత్రికీ బడికీ పరుగెత్తాల్సిన ఇంటికి ఇది సరిపోదు.

మీ దొడ్లోనే అలాంటి బండి ఉండి, ఇప్పుడే అమ్మడమో బాగుచేయించడమో కుదరదనుకుంటే, కనీసం ఇంతవరకు చేయండి. ప్లాస్టిక్ పట్టా తీసేసి గాలాడే రేకుల షెడ్డు కిందికి నెట్టండి. మ్యాట్లు లేపి బయట పడేయండి. అద్దాలు వేలెడంత దించి ఉంచండి. ట్యాంకులో పెట్రోలు, బ్యాటరీ తీసేయండి. చక్రాలు నేలకు ఆనకుండా స్టాండ్ల మీద నిలపండి. తలుపుల అడుగున నీళ్లు కారడానికి చిన్న బెజ్జాలుంటాయి, మట్టితో మూసుకుపోయి ఉంటాయి. సైకిల్ పుల్లతో పొడిచి తెరవండి. అరగంట పని. అడిగేవాడు వచ్చేసరికి అతికించడానికి రేకైనా మిగులుతుంది.