ఎక్సెల్‌లో సగటుకు కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్: లెక్క నమ్మొచ్చు, పేర్లతో జాగ్రత్త

డిగ్రీ స్టాటిస్టిక్స్ ల్యాబ్‌లో సగటుకు 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే అసలు సగటు ఉండొచ్చని 95 శాతం నమ్మకంతో చెప్పే రెండు హద్దులు, కట్టడానికి ఎక్సెల్ చాలు. 2010 వెర్షన్ నుంచి ఇందుకు రెండు ఫంక్షన్లున్నాయి: కాన్ఫిడెన్స్.నార్మ్, కాన్ఫిడెన్స్.టి. వెనుకటి కాన్ఫిడెన్స్ కూడా ఇంకా ఉంది, అది చేసేదీ నార్మ్ పనే.

ఏది వాడాలన్నదే అసలు విషయం. 25 కిలోల బియ్యం బస్తాలు పది తూస్తే సగటు 24.91, ప్రామాణిక విచలనం (బరువులు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) 0.14 వచ్చాయనుకోండి. నార్మ్ 0.087 ఇస్తుంది. దాన్ని సగటులోంచి తీసేసి, సగటుకు కలిపితే ఇంటర్వెల్ 24.823 నుంచి 24.997. 25 బయట పడింది కాబట్టి తూకం తక్కువని తేల్చేస్తాం. టి ఇచ్చేది 0.100. ఇంటర్వెల్ 24.81 నుంచి 25.01, అంటే 25 లోపలే ఉంది. ఆ మాట అనడానికి ఈ పది బస్తాలు చాలవన్నమాట. 0.14 కూడా ఆ పదింటి నుంచే తీసిందే కాబట్టి టి చెప్పిందే సరి. విచలనాన్ని 10 వర్గమూలంతో భాగించగా వచ్చినదాన్ని నార్మ్ 1.96తో గుణిస్తే, టి డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 9కి (బస్తాల సంఖ్య కంటే ఒకటి తక్కువ) 2.262తో గుణిస్తుంది. శాంపిల్ 30 దాటితే నార్మ్ అనే నియమం పట్టికలు చూసి లెక్క కట్టిన రోజులది. శాంపిల్ 100 ఉన్నా టి విలువ 1.984, కాబట్టి ఎప్పుడూ టి వాడితే నష్టమేమీ లేదు.

నింపాల్సినవి మూడు. ఆల్ఫా (95 శాతం పోగా మిగిలిన 5 శాతం) దగ్గర 0.05 కొట్టాలి. 0.95 కొడితే ఎర్రర్ రాదు, పై లెక్కకు 0.003 వస్తుంది. ఇంటర్వెల్ మరీ సన్నగా కనిపిస్తే ముందు ఇక్కడే చూడండి. విచలనానికి ఎస్‌టీడెవ్.ఎస్ వాడాలి. చివర పి ఉన్నది 9కి బదులు 10తో భాగించి ఇంటర్వెల్‌ను ఇరుకు చేస్తుంది. సైజు దగ్గర 10 అని చేత్తో కొట్టకుండా కౌంట్ ఫంక్షన్ పెట్టండి. ఏదైనా అంకె టెక్స్ట్‌గా పడితే సగటు, విచలనం దాన్ని వదిలేస్తాయి, కౌంట్ కూడా వదిలేస్తుంది. కౌంట్ఎ మాత్రం లెక్కపెట్టేస్తుంది.

పేరు విషయంలో ఎక్సెల్‌ది తప్పే. ఫంక్షన్ ఇచ్చేది ఇంటర్వెల్ కాదు, అందులో సగం వెడల్పు. సగటుకు ఒకసారి కలిపి, ఒకసారి తీసేస్తేనే రెండు కొసలూ వస్తాయి. ఎక్సెల్‌కు జోడించుకునే అనాలిసిస్ టూల్‌పాక్‌లోని డిస్క్రిప్టివ్ స్టాటిస్టిక్స్ ఇంకా ఇబ్బంది. అదే సగం వెడల్పును ‘కాన్ఫిడెన్స్ లెవెల్ 95.0%’ అనే పేరుతో చూపిస్తుంది, రికార్డులో దాన్నే జవాబుగా రాసేవాళ్లున్నారు. అది టి పద్ధతిలోనే లెక్కిస్తుంది, అంతవరకు మెచ్చుకోవాలి. కానీ డేటా మార్చితే ఫలితం మారదు, మళ్లీ రన్ చేయాలి. మార్కులు వేసే ముందు ల్యాబ్‌లో ఒక బరువు మార్చి, రెండు కొసలూ కదిలాయో లేదో చూడటం మంచిది.