ప్లే కాలింగ్: హెడ్ కోచే చూసుకోవాలా, కోఆర్డినేటర్‌కి అప్పగించాలా?

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో ప్రతిసారీ ఏ ప్లే (ఎత్తు) ఆడాలో హెడ్ కోచే చెప్పాలా, అతని కింద పనిచేసే కోఆర్డినేటర్‌కి వదలాలా? ఈ ప్రశ్నకి 2025 జనవరి 10న డాలస్ పక్కనే ఆర్లింగ్టన్‌లో టెక్సాస్, ఒహాయో స్టేట్ తలపడిన కాటన్ బౌల్ సెమీఫైనల్ మంచి పరీక్ష. టెక్సాస్ హెడ్ కోచ్ స్టీవ్ సార్కీసియన్ అఫెన్స్ (బంతి చేతిలో ఉన్నప్పటి దాడి) ప్లేలన్నీ తనే కాల్ చేస్తాడు. ఒహాయో స్టేట్‌లో రయన్ డే ఏళ్ల తరబడి అదే చేసి, ఆ సీజన్‌కి మాత్రం చిప్ కెల్లీకి అప్పగించాడు. డే న్యూ హాంప్‌షైర్ యూనివర్సిటీలో క్వార్టర్‌బ్యాక్‌గా (బంతి అందుకుని దాడి నడిపే ఆటగాడిగా) ఆడిన రోజుల్లో అఫెన్స్ నడిపింది కూడా కెల్లీయే.

నాలుగో క్వార్టర్ చివర్లో టెక్సాస్ 14-21తో వెనకబడి ఉంది. గోల్ లైన్‌కి ఒక్క గజమే దూరం, చేతిలో నాలుగు డౌన్లు, అంటే నాలుగు ప్రయత్నాలు. మొదటి రన్ మధ్యలోనే ఆగిపోయింది. రెండో డౌన్‌కి సార్కీసియన్ పక్కకి టాస్ (అంచు వైపు పరిగెత్తే రన్నర్‌కి బంతి వెనక్కి విసరడం) కాల్ చేశాడు. బంతి అందుకున్న రన్నర్ విజ్నర్‌ను ఏడు గజాల వెనక పడేశారు. మూడోది పాస్, అందలేదు. నాలుగో డౌన్‌లో ఒహాయో డిఫెండర్ జాక్ సాయర్ టెక్సాస్ క్వార్టర్‌బ్యాక్ ఎవర్స్ చేతిలోంచి బంతి ఊడగొట్టి, దాన్ని అందుకుని 83 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 28-14.

మధ్యలో దారి లేనప్పుడు అంచుకి వెళ్లాలనుకోవడం సబబే. కానీ మధ్యలో రన్ ఆగిపోతే పోయేది ఒక డౌన్. టాస్‌లో బంతి వెనక్కి వెళ్లి అందుతుంది, ఒక్క బ్లాక్ తప్పినా డౌనుతో పాటు గజాలూ పోతాయి. ఎనిమిది గజాల దూరంలో ఇక రన్ చేస్తారన్న భయం డిఫెన్స్‌కి ఉండదు. అందుకే ఏ కాల్‌నైనా నేను ఒకటే అడుగుతాను: ఇది బెడిసికొడితే తర్వాతి డౌన్‌కి ఏం మిగులుతుంది?

అప్పగించినంత మాత్రాన గట్టెక్కరు. 2024 నవంబర్ 30న సొంత మైదానంలో ఒహాయో స్టేట్ మిషిగన్ చేతిలో 10-13తో ఓడింది. మిషిగన్ డిఫెన్స్ బలమంతా మధ్యలో, మేసన్ గ్రాహమ్, కెన్నెత్ గ్రాంట్‌ల దగ్గరే ఉంది. రన్నర్‌కి దారి తెరిచే ఒహాయో లైన్‌లో సెంటర్, లెఫ్ట్ ట్యాకిల్ ఇద్దరూ గాయాలతో లేరు. అంచున జెరమయా స్మిత్ లాంటి రిసీవర్ (పాస్‌లు అందుకునేవాడు) ఉన్నా మళ్లీ మళ్లీ మధ్యలోకే రన్, మొత్తం 26 రన్లకి 77 గజాలు. కాల్ చేసింది కెల్లీ అయినా, ఆపాల్సింది డే. ఆపలేదు.

టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌లో ఒహాయో తీరు మారింది. టెనెసీపై 42-17, ఓరెగాన్‌పై 41-21. ఓరెగాన్ మీద స్మిత్ ఒక్కడే 187 గజాలు. అట్లాంటా ఫైనల్లో నోటర్ డామ్ మీద ఆధిక్యం 31-23కి తగ్గిన టెన్షన్‌లో, మూడో డౌన్‌కి ఇంకా 11 గజాలు కావాలి. గడియారం నడిపించడానికి రన్ చాలనుకోకుండా స్మిత్‌కి లాంగ్ పాస్ వేయించారు. 56 గజాలు, టైటిల్ వాళ్లదే.

నా ఓటు అప్పగించడానికే. ప్లే క్లాక్ (తర్వాతి ప్లే మొదలుపెట్టాల్సిన గడువు) 40 సెకన్లు. 15 సెకన్లు మిగిలేసరికి క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోకి కోచ్ మాట ఆగిపోతుంది. ఆ కొద్ది వ్యవధిలో ప్లే వెతికే మనిషే టైమౌట్లు, డిఫెన్స్, నాలుగో డౌన్ నిర్ణయం కూడా చూసుకోవాలంటే ఏదో ఒకటి జారుతుంది. పైగా పక్కవాడి ప్లాన్‌లో తప్పు కనిపించినంత సులువుగా మన ప్లాన్‌లో కనిపించదు.

సార్కీసియన్ పద్ధతిని తీసిపారేయలేం. వరుసగా రెండేళ్లు టెక్సాస్‌ను సెమీఫైనల్‌కి చేర్చింది ఆ బుర్రే. అప్పగించడంలో ఖర్చూ ఉంది: టైటిల్ గెలిచిన కొద్ది వారాలకే కెల్లీ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రైడర్స్ జట్టుకి వెళ్లిపోయాడు. కెల్లీ అంత అనుభవం ఉన్నవాడు దొరకని కోచ్‌కి మాత్రం, ప్లే షీట్ తన చేతిలోనే ఉంచుకోమని చెబుతాను.