నాలుగున్నరేళ్లుగా మా ఇంటి ఫొటోలన్నీ ఈ ఫోన్‌తోనే

2021 సంక్రాంతి వారంలో తణుకులో పదహారు వేలు పెట్టి కొన్న ఫోన్ ఇది. వెనక 48 మెగాపిక్సెల్ కెమెరా, 64 జీబీ మెమరీ. మా ఇంట్లో వేరే కెమెరా లేదు. అమ్మ వేసిన ముగ్గు, ఆవకాయ కలిపే రోజు, కొత్తగా పుట్టిన దూడ, కరెంటు మీటరు రీడింగ్, ఏదైనా దీంతోనే. ఇప్పుడు కొత్త ఫోన్ కొందామని ఇంట్లో మాట వచ్చింది. అందుకే ఇన్నాళ్లలో ఇది ఎక్కడ అక్కరకొచ్చిందో, ఎక్కడ చెయ్యిచ్చిందో రాస్తున్నాను.

పెట్టె మీద 48 అని ఉన్నా మామూలుగా తీస్తే వచ్చేది 12 మెగాపిక్సెల్ ఫొటోనే. పక్కపక్కనున్న నాలుగు పిక్సెళ్లను, అంటే ఫొటోలోని చిన్న చుక్కలను, కలిపి ఒకటిగా లెక్క కడుతుంది. ఇందులో మోసమేమీ లేదు, వెలుతురు తక్కువున్నప్పుడు ఇదే మేలు. 4000 బై 3000 పిక్సెళ్లు వస్తాయి, ఇంట్లో గోడకు పెట్టుకునే ఫొటోకి అది చాలు. 48 మోడ్ ఆన్ చేస్తే మెమరీ నిండడం తప్ప నాకు పెద్ద తేడా కనిపించలేదు. మరీ దగ్గర నుంచి తీయడానికిచ్చిన 2 మెగాపిక్సెల్ మాక్రో లెన్స్ అయితే దండగ.

నేను ఎక్కువగా తీసేది ముగ్గులు. ధనుర్మాసంలో పొద్దున్నే ఆరింటికి ముగ్గు ఫొటో న్యూజెర్సీలో ఉన్న అక్కకి వెళ్లాలి. అక్కడ ముందురోజు రాత్రి ఏడున్నర, పిల్లలు అన్నం తినే వేళ. మొదటి ఏడాది తీసినవన్నీ పాడయ్యాయి. కళ్లాపి చల్లిన నేల నల్లగా ఉంటుంది కదా, కెమెరా దాన్ని చూసి చీకటనుకుని మొత్తం వెలుగు పెంచేస్తుంది. దాంతో ముగ్గు గీతలు సున్నం పూసినట్టు అలుక్కుపోతాయి. తర్వాత తెలిసింది కిటుకు. ముగ్గు గీత మీద వేలితో తట్టాలి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి లాగాలి. అప్పుడు అమ్మ వేళ్ల మధ్య నుంచి పిండి జారిన తీరు, మెలిక తిప్పినచోట గీత సన్నబడడం, గొబ్బెమ్మ మీద గుమ్మడి పువ్వు ఈనెలతో సహా కనిపిస్తాయి. మరీ చీకటిగా ఉంటే నైట్ మోడ్. అది వరసగా చాలా ఫొటోలు తీసి ఒకటిగా కలుపుతుంది కాబట్టి రెండు మూడు సెకన్లు కదలకూడదు. నేను గేటు స్తంభానికి మోచెయ్యి ఆనించి తీస్తాను.

ఆవకాయ ఇంకో పరీక్ష. ఎర్రటి కారాన్ని ఈ కెమెరా ఇంకా ఎర్రగా చేసి ముద్దలా చూపిస్తుంది, ఆవపిండి, మెంతులు కనపడవు. కెమెరాలో ఏఐ అని ఉండే గుర్తు ఆఫ్ చేసి, ఎండలో కాకుండా కిటికీ పక్కన తీస్తే జాడీలో ఉన్న రంగే వస్తుంది.

బ్యూటీ ఫిల్టర్ మాత్రం కొన్నరోజే తీసేయండి. ఈ ఫోన్‌లో అది ముందే ఆన్ అయి ఉంది. దాంతో తీసిన మొదటి ఫొటోలో అమ్మ చామనఛాయ పోయి తెల్లబడింది, నుదుటి మీద మడతలు మాయమయ్యాయి. ఆ మొహం మా అమ్మది కాదు. వెనకున్నదంతా మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ కూడా జడలో మల్లెపూలు సగం మింగేస్తుంది, నేను వాడను. జేబులో చెమట, మసి అంటిన లెన్స్‌ను మెత్తటి గుడ్డతో ఒకసారి తుడిస్తే, దీపావళికి దీపాల చుట్టూ వచ్చే పొగ లాంటి మసక సగం తగ్గుతుంది.

ఫొటో తీయడం కన్నా నాకు ఆలస్యంగా తెలిసొచ్చింది దాన్ని పంపడం, దాచడం.

కొన్న కొత్తల్లో గూగుల్ ఫొటోస్‌లో కాస్త కుదించిన ఫొటోలు ఎన్నైనా ఉచితంగా దాచుకోవచ్చు. 2021 జూన్ 1 నుంచి కొత్తగా ఎక్కించేవి కూడా 15 జీబీ ఉచిత కోటాలోనే లెక్క, అందులోనే జీమెయిల్, డ్రైవ్. నాది 2022లో నిండిపోయి బ్యాకప్ ఆగింది. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. ఆ ఏడాది చివర డిస్‌ప్లే పోయి రిపేరుకిస్తే అక్కడ ఫోన్ రీసెట్ చేసేశారు. ఏడెనిమిది నెలల ఫొటోలు పోయాయి.

అందులో నాన్న ఫొటో ఒకటి ఉంది. అరుగు మీద పేపరు చదువుతుంటే కళ్లజోడు ముక్కు చివరికి జారింది, నన్ను చూసి అప్పుడే నవ్వబోతున్నారు. నాన్న 2023లో పోయారు. సంవత్సరీకానికి ఆ ఫొటో పెద్దది చేయిద్దామంటే మిగిలింది వాట్సాప్ గ్రూపులో పెట్టిన, అది కుదించేసిన కాపీ ఒక్కటే. 1600 బై 1200. స్టూడియో ఆయన దాన్ని కంప్యూటర్‌లో పెంచి చూపించి, "పన్నెండు బై పద్దెనిమిది వేస్తే మొహం అలికేసినట్టు వస్తుందండి, ఐదు బై ఏడు వేయిద్దాం" అన్నారు. ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెళ్లుంటే చక్కగా వస్తుంది, గోడకైతే 200 ఉన్నా పర్లేదు. ఆ కాపీని 18 అంగుళాలకు సాగదీస్తే 90 కూడా రావు. అసలు ఫైలుంటే 220 వచ్చేవి. చిన్న ఫ్రేమే కట్టించాం. అమ్మ దగ్గరికెళ్లి నిలబడి చూసుకుంటుంది.

అప్పటి నుంచి ఇంట్లోవాళ్లకి వాట్సాప్‌లో పంపేవి డాక్యుమెంట్‌గానే పంపుతున్నాను, తీసిన ఫైలు తీసినట్టు వెళ్తుంది. తొందరలో ఉంటే తక్కువ కుదించి పంపే హెచ్‌డీ నొక్కుతాను, 2023 ఆగస్టులో వచ్చింది ఆ సదుపాయం. ఒక జాగ్రత్త: లొకేషన్ ఆన్‌లో పెట్టి తీసిన ఫొటోని డాక్యుమెంట్‌గా పంపితే ఎక్కడ తీశామన్నది కూడా దాంతోపాటే పోతుంది. పిల్లల ఫొటోలు బయటివాళ్లకి అలా పంపకండి. ప్రతి నెలా ఒకటో తారీకు అన్నీ ఫోన్‌కే నేరుగా గుచ్చే ఓటీజీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తాను. సంక్రాంతికి ఏరిన నలభై ఫొటోలు నాలుగు బై ఆరు సైజులో ప్రింటు తీయించి ఆల్బంలో పెడుతున్నాం.

ఇక కొత్త ఫోన్ సంగతి. కెమెరా కోసమైతే అక్కర్లేదు. బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతోంది, అది మార్పిస్తే ఇంకో ధనుర్మాసం దీంతోనే తీస్తాను. ఆ తర్వాత కొనేటప్పుడు మెగాపిక్సెళ్లు కాదు, 256 జీబీ ఉందా అని అడుగుతాను.