గ్యాస్ మీద ఎమ్‌జీబీ జీటీ: ఎనిమిదేళ్ల అనుభవం

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో నేను నడిపేది 1973 ఎమ్‌జీబీ జీటీ, పాతకాలపు బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. 1798 సీసీ ఇంజిన్, పెట్రోల్‌ని గాలిలో కలిపి ఇంజిన్‌కి పంపే ఎస్‌యూ కంపెనీ కార్బ్యురేటర్లు రెండు. నేను కొనేనాటికే, పెట్రోల్‌తో పాటు గ్యాస్ మీద కూడా నడిచేలా ఎల్పీజీ కిట్ ఉంది. ఇక్కడి బంకుల్లో ఎల్పీజీ అంటే దాదాపుగా ప్రొపేనే. బండి చూసిన ప్రతివాళ్లూ ఒకటే అడుగుతారు: పికప్ చచ్చిపోదా?

చావదు. ఊళ్లో ముప్ఫై, నలభై మైళ్ల వేగంలో పెట్రోల్ కన్నా గ్యాస్ మీదే మెత్తగా పోతుంది. ఆవిరిగానే లోపలికి వెళ్తుంది కాబట్టి గాలిలో బాగా కలుస్తుంది. ఆక్టేన్, అంటే ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం, వందకు పైనే. అందుకే తక్కువ ఆర్పీఎంలో గట్టిగా తొక్కినా ఇంజిన్ టకటకమని కొట్టుకోదు (నాకింగ్). లోటు తెలిసేది ఎత్తు ఎక్కేటప్పుడే. గాలికి దక్కాల్సిన చోటు కొంత గ్యాస్ తీసుకుంటుంది. స్నేక్ పాస్ అనే కొండ రోడ్డులో పెట్రోల్ మీద నాలుగో గేర్లో ఎక్కే చోట గ్యాస్ మీద మూడుకి దించుతాను.

పొద్దున స్టార్ట్ చేసేది మాత్రం పెట్రోల్ మీదే. హీటర్లోంచి వెచ్చటి గాలి వచ్చాక ఇంధనం మార్చే స్విచ్‌ని మధ్యకు, అంటే రెండూ ఆగిపోయే చోటుకు తెచ్చి, ఫ్లోట్ చాంబర్లలో (కార్బ్యురేటర్లలో పెట్రోల్ నిలిచే చిన్న గిన్నెల్లో) మిగిలిన పెట్రోల్ అయిపోయేదాకా ఆగాలి. ఇంజిన్ ఒక్కసారి తడబడుతుంది. సరిగ్గా అప్పుడు గ్యాస్‌కి తిప్పాలి. ఈ టైమింగ్ చేతికి రావడానికి నాకు నెల పట్టింది.

ఒక జనవరిలో రేడియేటర్లో నీళ్లు తగ్గిన సంగతి చూసుకోలేదు. ట్యాంకులోని ద్రవ గ్యాస్ ఆవిరి కావాలంటే వేడి కావాలి, ఆ పని చేసే వేపరైజర్‌కి ఆ వేడి ఇంజిన్ నీళ్లే ఇవ్వాలి. బానెట్ ఎత్తి చూస్తే వేపరైజర్ ఒళ్లంతా తెల్లటి మంచు. చీకట్లో, కొండ రోడ్డు మీద చాలా టెన్షన్ పడ్డాను. ఇంకోసారి, సర్వీసింగ్‌లో పాత ప్లగ్ వైర్లు మార్చకుండా వదిలేశారు. బ్యాక్‌ఫైర్ అయి, అంటే మంట వెనక్కి తన్ని, ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఉబ్బిపోయింది. గ్యాస్ అంటుకోవాలంటే స్పార్క్ బలంగా ఉండాలి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేయించి, ప్లగ్ గ్యాప్ కాస్త తగ్గించాక ఆ బెడద మళ్లీ రాలేదు. వాల్వ్ సీట్లు (వాల్వులు మూసుకున్నప్పుడు ఆనే రింగులు) గట్టి రకం కాకపోతే ముందు అవి మార్పించండి.

మైలేజీ గ్యాలన్‌కి 27 మైళ్ల నుంచి 21కి పడింది, కానీ లీటరు ధర బాగా తక్కువ. ఇంజిన్ ఆయిల్ నెలల తరబడి తేనె రంగులోనే ఉంటుంది. వెనక సీటు దగ్గర చోటంతా ట్యాంకుకే పోయింది, దానికి అలవాటుపడ్డాను. సముద్రం కింద నుంచి ఫ్రాన్స్‌కి కార్లను రైల్లో తీసుకెళ్లే యూరోటన్నెల్‌లో ఎల్పీజీ బండిని ఎక్కనివ్వరు, ఫ్రాన్స్ వెళ్లాలంటే ఓడే. నిజంగా బాధపెట్టేది ఎల్పీజీ పంపులు తగ్గిపోవడం. మా దగ్గరి బంకులో తీసేశారు, ఇప్పుడు పద్దెనిమిది మైళ్లు వెళ్లి నింపుతున్నాను. అయినా అమ్మాలని అనిపించలేదు.

ఇలా మార్చిన పాత బండి ఎవరైనా కొంటుంటే, పది నిమిషాలు నడిపి వేపరైజర్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా లేకపోతే బేరం అక్కడే ఆపండి.